రొమ్ము ఎముక వెనుక గడ్డ

శ్రోతలకు నమస్కారం.

దేవరకొండ వైపు నుంచి వచ్చిన పాతికేళ్ల ట్రాక్టర్ డ్రైవర్ ఒకరు కొన్నాళ్ల క్రితం నా ముందు కూర్చున్నారు. చొక్కా మెడ గుండీ పట్టడం లేదనీ, పొద్దున లేవగానే ముఖం ఉబ్బుతోందనీ, వంగితే ఆయాసం వస్తోందనీ చెప్పారు. తెమడ పరీక్షలో ఏమీ తేలకపోయినా, దగ్గు తగ్గడం లేదని రెండు నెలలుగా టీబీ మందులు మింగుతున్నారు. మెడ మీద నరాలు తాళ్లలా తేలి ఉన్నాయి. స్కానింగ్ తీస్తే రొమ్ము ఎముక వెనుక, తల నుంచి రక్తాన్ని గుండెకు తెచ్చే పెద్ద సిరను నొక్కుతూ ఒక గడ్డ కనిపించింది.

అక్కడ వచ్చే గడ్డలలో అరుదైన జెర్మ్ సెల్ ట్యూమర్ల గురించి ఈ రోజు చెబుతాను. ఇవి బీజకణాల, అంటే వీర్యకణాలుగా, అండాలుగా మారే కణాల, నుంచి పుడతాయి కాబట్టి చాలావరకు వృషణాలలో, అండాశయాలలో వస్తాయి. నూటికి రెండు నుంచి అయిదు మాత్రమే వాటికి వెలుపల కనిపిస్తాయి. పిండం పెరిగేటప్పుడు శరీరం మధ్యగా సాగే బీజకణాలలో కొన్ని దారిలోనే నిలిచిపోవడం దీనికి మూలమని ఎక్కువ మంది వైద్యులు చెబుతారు. క్యాన్సర్‌గా మారే రకాలు దాదాపుగా 20 నుంచి 40 ఏళ్ల మగవారికే వస్తాయి.

"బతుకుతడా సార్?" అని ఇంటివాళ్లు అడుగుతారు. గడ్డ ఏ రకమో తేలకుండా దానికి జవాబు చెప్పడం తప్పని నా అభిప్రాయం. మెచ్యూర్ టెరటోమా అయితే క్యాన్సరే కాదు. కోసి చూస్తే లోపల వెంట్రుకలు, కొవ్వు, ఒక్కోసారి పన్ను కూడా ఉంటాయి, పూర్తిగా తీసేస్తే నయమైపోతుంది. సెమినోమా క్యాన్సరే అయినా కీమోకు బాగా కరుగుతుంది, అయిదేళ్ల తర్వాత నూటికి 90 మంది దాకా బతికి ఉంటారు. సెమినోమా కాని మిగతా క్యాన్సర్ రకాలను కలిపి నాన్ సెమినోమా అంటారు, అది మొండిది. ఛాతీలో మొదలైతే, గడ్డ ఇంకెక్కడికీ పాకకపోయినా, 1997 నాటి అంతర్జాతీయ వర్గీకరణ దాన్ని తీవ్రమైన కోవలోనే చేర్చింది. అందులో అయిదేళ్లు దాటేవారు నూటికి 40 నుంచి 50 మంది.

అందుకే కోతకు ముందే, ఇలాంటి గడ్డల వల్ల రక్తంలో పెరిగే పదార్థాలను కొలిచే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్త పరీక్షలు చేయించాలి, సూదితో ముక్క తీయించాలి. ముక్క తీస్తే గడ్డ రేగుతుందన్న భయం మన ఊళ్లలో బలంగా ఉంది గానీ, రకం తేలకుండా చేసే వైద్యమే రోగికి ఎక్కువ నష్టం చేస్తుంది. ముక్కలో సెమినోమా అని వచ్చినా, రక్తంలో ఏఎఫ్‌పీ స్పష్టంగా పెరిగి ఉంటే దాన్ని నాన్ సెమినోమాగానే చూసి వైద్యం చేస్తారు.

నాన్ సెమినోమాకు సిస్‌ప్లాటిన్ అనే మందు ప్రధానంగా ఉండే కీమోను మూడు వారాలకోసారి చొప్పున నాలుగు విడతలు ఇస్తారు. తర్వాత ఛాతీ ఆపరేషన్ చేయాల్సి ఉంటుంది కనుక, ఊపిరితిత్తులను దెబ్బతీసే బ్లియోమైసిన్ అనే కీమో మందుకు బదులు ఐఫాస్ఫమైడ్ అనే మందు వాడటం మేలని చాలామంది భావిస్తారు. మూత్రపిండాలు చెడకుండా ఒక్కో విడతలో అయిదు రోజులు సెలైన్ ఎక్కుతూనే ఉంటుంది. "పత్తి ఏరుడు అయినంక వస్తం సార్" అని రెండో విడతకు మూడు వారాలు ఆలస్యంగా వచ్చిన కుటుంబాన్ని చూశాను; ఆ ఎడంలో గడ్డ మళ్లీ పెరిగింది. కూలి పోతుందన్న వారి బాధ నాకు అర్థమవుతుంది, అయినా ఈ జబ్బులో తేదీ తప్పకూడదు. కీమో తర్వాత మిగిలిన గడ్డను ఆపరేషన్‌తో తీసివేయడం కూడా వైద్యంలో భాగమే, ఎందుకంటే ఒకసారి తిరగబెడితే నాన్ సెమినోమాను నయం చేయడం చాలా కష్టం.

ఖర్చు విషయానికొస్తే, 2007లో ఆరోగ్యశ్రీ తొలిగా మొదలైన జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఇలాంటి రోగులను చూస్తాయి.

ఇంకొక మాట, సిగ్గుపడకుండా అడగవలసినది. కీమో వల్ల సంతానశక్తి తగ్గవచ్చు. పెళ్లికాని యువకుడైతే మొదటి సెలైన్ ఎక్కక ముందే వీర్యాన్ని నిల్వ చేయించే అవకాశం గురించి వైద్యుణ్ణి అడగండి. దానికి ఒకటి రెండు రోజులు చాలు.