పాకాల నుంచి పొద్దుటి బండి
(పాకాలలో జరిగిన ప్రయాణికుల సభలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, మామిడి మండీలో పనులు వదులుకుని దామలచెరువు నుంచి వచ్చిన రైతులకు, రైల్వేలో పనిచేసి రిటైరైన మిత్రులకు, వెనకాల గోడ పక్కన నిలబడ్డ మా బడి పాత పిల్లలకు పేరుపేరునా నమస్కారం చెప్పాలని ఉంది. కానీ మీలో చాలామంది తిరిగి ఆఖరి బస్సు అందుకోవాలి. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఆడపిల్లలు వచ్చి కూర్చోండమ్మా. ఈ సభ పెట్టిందే మీకోసం.

మనం అడిగేది చిన్న కోరిక. పొద్దున పాకాలలో బయలుదేరి పనపాకం, ముంగిలిపట్టు, చంద్రగిరి, తిరుపతి వెస్ట్, తిరుపతి, తిరుచానూరు మీదుగా రేణిగుంట దాకా ఒక మెమూ బండి, అంటే దగ్గరి ఊళ్ళ మధ్య తిరిగే కరెంటు బండి. సాయంత్రం అదే దారిన తిరిగి ఇంకొకటి. శాశ్వతంగా ఇమ్మని ఇవాళే అడగడం లేదు. ఆరు నెలలు ప్రయోగంగా నడపమంటున్నాం. బండి నిండితే ఉంచండి, నిండకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.

అయితే ఆ ప్రయోగం వేళకు జరగాలి. నేను ఇక్కడికి వచ్చింది ఈ ఒక్క మాట గట్టిగా చెప్పడానికే. పదకొండు గంటలకు బండి పెట్టి, ఆరు నెలలు తిప్పి, జనం ఎక్కలేదని తీసేస్తే దాన్ని ప్రయోగం అనకూడదు. కాలేజీకి పోయే పిల్ల పదకొండు గంటల బండి ఎందుకు ఎక్కుతుంది? రుయా ఆస్పత్రిలో మార్నింగ్ డ్యూటీ ఉన్న నర్సు ఎందుకు ఎక్కుతుంది? జనం ఇంట్లోంచి బయటికి వచ్చే వేళకు బండి పెట్టి, అప్పుడు లెక్కపెట్టండి.

2022 ఏప్రిల్ 4న మన మండలం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందు కలెక్టరాఫీసులో పనుంటే చిత్తూరు పోయేవాళ్ళం. ఇప్పుడు తిరుచానూరు దగ్గరికి పోవాలి. పెద్ద ఆస్పత్రి అంటే రుయా, స్విమ్స్. చదువంటే 1954లో పెట్టిన వెంకటేశ్వర యూనివర్సిటీ, 1983లో పెట్టిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం. కూలి పనైనా, షాపులో సేల్స్ ఉద్యోగమైనా, హోటల్లో గిన్నెలు కడిగే పనైనా తిరుపతే. మన బతుకంతా అటు మళ్ళింది. పొద్దుటి బండి ఒక్కటి మళ్ళలేదు.

ఈ లైన్లో బండ్లే లేవని నేను అనడం లేదు. కాట్పాడి వైపు నుంచి వచ్చేవి ఉన్నాయి. కానీ అంత దూరం నుంచి వచ్చే బండి అక్కడ ఆలస్యమైతే ఇక్కడా ఆలస్యమే. మనది సింగిల్ లైను. రెండు బండ్లు ఎదురైతే ఒకటి స్టేషనులో లూప్‌లోకి, అంటే పక్క పట్టాల మీదికి, పోయి ఆగాలి. ఆగేది ఎప్పుడూ చిన్న బండే. పాకాలలోనే బయలుదేరే బండి అయితే బయలుదేరే వేళైనా మన చేతిలో ఉంటుంది.

చంద్రగిరి నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఒక మాట చెబుతాను, ఇది నన్ను చాలా ఏళ్ళుగా బాధపెడుతున్న విషయం. మద్రాసులో ఇంగ్లీషు కంపెనీకి కోట కట్టుకునే నేల దక్కింది 1639లో, చంద్రగిరి రాజుల ఏలుబడిలో. ఆ మద్రాసుకు 1931లోనే బీచ్ నుంచి తాంబరం దాకా కరెంటు లోకల్ బండ్లు వచ్చాయి. అంత దూరం ఎందుకు, మన జిల్లాలోనే ఉన్న సూళ్ళూరుపేట చూడండి. అక్కడివాళ్ళు లోకల్ ఎక్కి చెన్నైలో పనిచేసుకుని రాత్రికి ఇంటికొచ్చి అన్నం తింటున్నారు. ఇంకో రాష్ట్రం రాజధానికి అలా పోయి రాగలుగుతున్నారు, మంచిదే, సంతోషం. మన జిల్లా కేంద్రానికి మనం అలా ఎందుకు పోయి రాలేకపోతున్నాం?

ఇక మెమూ గురించి నాలుగు గణాంకాలు చెప్పమని నిర్వాహకులు కాగితం ఇచ్చారు. కాగితం జేబులో పెడుతున్నాను. ఒక పిల్ల గురించి చెబుతాను.

పనపాకం స్టేషనుకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలో వాళ్ళ పల్లె. తండ్రి సీజన్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయేవాడు, మిగతా నెలల్లో ఏ పని దొరికితే ఆ పని. నా దగ్గర లెక్కలు చదువుకుంది. బోర్డు మీద నేను లెక్క రాసి చాక్‌పీసు కింద పెట్టేలోపు జవాబు చెప్పేది. తిరుపతిలో డిగ్రీ సీటు వచ్చింది, కెమిస్ట్రీ. హాస్టల్లో చోటు దొరకలేదు. దొరక్కపోయినా ఫరవాలేదనుకున్నాం, ఎందుకంటే ఆడపిల్లలకు డిగ్రీ దాకా రైలు సీజన్ టికెట్ ఉచితం. మగపిల్లలకు ఇంటర్ దాకా ఉంది. ఈ సంగతి ఇప్పటికీ చాలా ఇళ్ళలో తెలీదు, ఇవాళ ఇంటికి పోయి చెప్పండి.

మొదటి సంవత్సరం బాగానే గడిచింది. తర్వాత బండి వేళ మారింది. కాలేజీలో మొదటి పీరియడ్ మొదలైన తర్వాత తిరుపతిలో దిగడం. హాజరు తగ్గింది. కొన్ని రోజులు బస్సులో పోయింది. పాకాలలోనే నిండిపోయిన బస్సు దారిలో ఆపరు కదా. ప్రాక్టికల్ పరీక్ష రోజు రైలే నమ్ముకుంది. చంద్రగిరి ఇవతల బండి ఆగిపోయింది, ఎక్స్‌ప్రెస్ దాటాలని. కిటికీలోంచి కోట కనబడుతూనే ఉంది, బండి మాత్రం కదలదు. ల్యాబ్‌కు పోయేసరికి లోపలికి రానివ్వలేదు. రెండో సంవత్సరం మధ్యలో మానేసింది.

నేను వాళ్ళింటికి పోయాను. వాళ్ళమ్మ అన్నది, "అయ్యోరా, బిడ్డ పొద్దున టెన్షన్‌తో అన్నం తినకుండా పోతాది, చీకటి పడినాక వస్తాది. స్టేషను నుంచి ఇంటి దాకా దీపం లేదు. ఎన్నాళ్ళని మేం దోవలో నిలబడి చూసేది?" ఆ తల్లికి చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. ఆ పిల్ల లోపల గడప దగ్గర నిలబడి వింటోంది. టికెట్ ఉచితంగా ఇచ్చి, వేళకు బండి ఇవ్వకపోతే ఆ టికెట్టు ఏం చేసుకోవాలి? చెప్పండి. మీరే చెప్పండి.

ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది కదా, ఇక రైలెందుకు అని ఈ మధ్య ఒకరు నన్ను అడిగారు. వచ్చింది, చాలా మంచి పని. మా పక్కింటి ముసలామె కూడా ఇప్పుడు ఎవరినీ డబ్బులు అడక్కుండా ఆస్పత్రికి పోతోంది. కానీ పొద్దున ఎనిమిది గంటలకు మన బస్టాండుకు వచ్చి చూడండి. ఫుట్‌బోర్డు మీద పిల్లలు వేలాడుతున్నారు. ఒక బస్సులో పట్టేది యాభై అరవై మంది, నిలబడితే ఇంకొందరు. ఎనిమిది పెట్టెల మెమూ వస్తే ఆ రద్దీ మొత్తం ఒక్క బండిలో పడుతుంది. బస్సు వాళ్ళకూ ఊపిరి ఆడుతుంది. మగవాళ్ళకైతే రైలు కనీస చార్జీ పది రూపాయలు. కరోనా తర్వాత అదే ముప్పై చేశారు, 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పదికి వచ్చింది. కూలికి పోయేవాడికి ఆ ఇరవై రూపాయల తేడా చాలా పెద్దది.

అధికారులు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. డబుల్ లైన్ అయ్యేదాకా ఆగండి అంటారు. తిరుపతి–పాకాల–కాట్పాడి 104 కిలోమీటర్ల డబ్లింగుకు 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది, 1,332 కోట్లు. గొప్ప విషయం, చప్పట్లు కొట్టాల్సిన విషయం. కానీ లైను పూర్తయ్యేలోపు ఎన్ని బ్యాచ్‌ల పిల్లలు డిగ్రీ దాటిపోతారు? లైనుకు కరెంటు ఇప్పటికే ఉంది. మెమూకు రెండు చివర్లా డ్రైవర్ గది ఉంటుంది, కాబట్టి రేణిగుంటలో ఇంజను విప్పి తిప్పే పని లేదు. ఆగిన చోటు నుంచి తొందరగా వేగం అందుకుంటుంది, అందుకే చిన్న స్టేషన్లన్నిటిలో ఆగినా పెద్దగా ఆలస్యం కాదు. గుంతకల్లు డివిజన్ అధికారులకు ఇదంతా నాకంటే బాగా తెలుసు. వాళ్ళను మనం అడగాల్సింది, పొద్దున ఆ గంటసేపు ఈ చిన్న బండిని పక్కన ఆపకుండా దారి ఇవ్వమని. మన ఎంపీ గారినీ, ఎమ్మెల్యే గారినీ కూడా అదే అడుగుదాం. పార్టీల సంగతి ఈ ఒక్క పనిలో వద్దు.

అధ్యక్షులు చీటీ పంపారు, ముగిస్తాను. ఆ పిల్ల సంగతి సగంలో వదిలేశాను. ఇప్పుడు ఆమెకు ఇద్దరు బిడ్డలు. అదే పల్లెకు దగ్గర్లో ఉంటోంది. పెద్ద కూతురు తొమ్మిదో తరగతి, లెక్కల్లో మంచి మార్కులు వస్తున్నాయట. డిగ్రీకి ఇంకా మూడేళ్ళ పైన సమయం ఉంది. బండి తెచ్చుకోవడానికి మనకు ఉన్న గడువు అదే.

తలుపు పక్కన బల్ల మీద రిజిస్టరు పెట్టాం. ఊరికే సంతకం పెట్టి పోవద్దు. మీరు ఏ స్టేషనులో ఎక్కుతారు, ఎక్కడ దిగుతారు, ఎన్ని గంటలకు పనిలో ఉండాలి, సాయంత్రం ఎన్నింటికి వదులుతారు, ఇవి రాయండి. రాయడం రానివాళ్ళకు మా బడి పిల్లలు రాసిపెడతారు. ఆ లెక్క తీసుకునే మనం అధికారుల దగ్గరికి పోతాం. పనపాకం వాళ్ళు ముందు రండి, మీ బస్సు ఏడింటికి.