ఆర్భాటానికీ మోటుతనానికీ ఇంగ్లీషులో, థాయిలో ఉన్న మాటలు

శ్రోతలకు నమస్కారం.

ఆర్భాటాన్నీ మోటుతనాన్నీ తప్పుపట్టడానికి ఇంగ్లీషులో మాటలకు కొదవలేదు. గాడీ, గారిష్, ఫ్లాషీ, టాడ్రీ, ఆస్టెంటేషియస్, వల్గర్ వంటి మాటలను నిఘంటువులో వెతికితే ఒకదాని అర్థం కింద మరొకటి కనిపిస్తుంది. చివరికి అన్నీ ఒకటేనేమో అనిపిస్తుంది. వాటిని థాయి భాషలోకి తీసుకురావలసి వచ్చినప్పుడు అవి ఎంత వేరువేరో తెలుస్తుంది. తప్పు వస్తువు రంగులో ఉందా, మనిషి ఉద్దేశంలో ఉందా, అతడి పుట్టుకలో ఉందని అంటున్నామా అన్నది ముందుగా తేల్చుకుంటే తప్ప థాయిలో సరైన మాట దొరకదు. ఆ మాటల్లో కొన్నింటిని ఈ పూట మీ ముందుంచుతాను. థాయి భాషలో ఐదు స్వరభేదాలు ఉన్నాయి. అవి మన పలుకుబడికి అందవు కాబట్టి, ఆ మాటలను తెలుగు ఉచ్చారణకు వీలైనంత దగ్గరగా పలుకుతాను.

ముందు రంగుల సంగతి చూద్దాం. కళ్ళు చెదిరేటట్టు, ఒకదానితో ఒకటి పొసగకుండా ఉన్న రంగులను ఇంగ్లీషులో గారిష్ అంటారు. థాయిలో దానికి సరిగ్గా సరిపోయే మాట ‘ఛూత్‌ఛాత్’. చీర రంగుకో గోడ రంగుకో ఈ మాట వాడతారు కానీ, ఒక మనిషి డబ్బు వెదజల్లే తీరుకు వాడరు. దానికి ‘ఫూఫా’ అనే మాట వేరే ఉంది. ఖరీదైన హోటలు గదిని మెచ్చుకోవాలంటే ‘రూరా’ అంటారు. విశాలమైన భవంతిని చూసి ‘ఓఆ’ అంటారు. ఈ నాలుగు మాటల్లోనూ ఒకే పద్ధతి ఉంది. మొదటి సగంలోని అచ్చు రెండవ సగంలో ‘ఆ’కారంగా మారుతుంది. ధగధగ, తళతళ, మిలమిల అని మాటను రెట్టించి మెరుపును చూపే అలవాటు మనకు పుట్టుకతోనే ఉంది కాబట్టి, ఈ థాయి మాటల సొంపు మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు చదువరికి అది కొంత ఆలస్యంగా తెలుస్తుందని నా అభిప్రాయం.

ఫ్లాంబాయంట్ అనే ఇంగ్లీషు మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. మంటలా ఎగసిపడేది అని దాని అర్థం. మనం గుల్‌మొహర్ అని, తురాయి అని పిలుచుకునే ఎర్రపూల చెట్టుకు ఇంగ్లీషులో అదే పేరు. థాయిలు ఆ చెట్టును ‘హాంగ్ నోక్ యూంగ్ ఫరాంగ్’ అంటారు. విదేశీ నెమలి తోక అని అర్థం. ఫ్రెంచివారికి మంట కనిపించిన పూలలో థాయిలకు పురివిప్పిన నెమలి కనిపించింది.

ఇక ఉద్దేశం సంగతి. ఆస్టెంటేషియస్ అంటే నలుగురూ చూడాలనే చేసేది. థాయిలో చూపించుకోవడాన్ని ‘ఉవత్’ అంటారు. ఈ ఒక్క ధాతువు నుంచి ఆ భాషలో ఒక కుటుంబమే పుట్టింది. గొప్పలు చెప్పుకుంటే ‘ఓ ఉవత్’, తెలివి ప్రదర్శిస్తే ‘ఉవత్ రూ’, పొగరుగా ఉంటే ‘ఉవత్ దీ’. అదే అలవాటుగా మారినవాణ్ణి ‘ఖీ ఉవత్’ అంటారు. ఇక్కడ ‘ఖీ’ అంటే మలం. సోమరితనం, పిరికితనం వంటి దుర్గుణాల ముందు కూడా థాయిలో ఈ ‘ఖీ’ చేరుతుంది. మాటల మధ్యలో ఎవరికీ అసలు అర్థం గుర్తురానంతగా అది అరిగిపోయింది.

ఇంగ్లీషులో అఫెక్టెడ్ అనే మాట ఉంది. సహజం కాని నడవడిని, లేని సుకుమారాన్ని తెచ్చిపెట్టుకున్న తీరును అది చెబుతుంది. థాయిలో దీన్ని ‘దత్ చరిత్’ అంటారు. ‘దత్’ అంటే వంచడం. కర్రను వంచడానికీ, సెలూనులో జుట్టుకు ఉంగరాలు తిప్పించుకోవడానికీ అదే మాట. ‘చరిత్’ మన చరితమే. నడవడిని వంచుకోవడం అన్నమాట. మన వాడుకలో టెక్కులు పోవడం, వగలు పోవడం అనేవి ఇందుకు దగ్గరగా ఉన్నా, ఆ వంపును ఇంత సూటిగా చూపే మాట ఇంగ్లీషులో నాకు కనిపించలేదు.

ఇంగ్లీషులో ఒక్క మాటగా లేనిది, థాయిలు రోజూ వాడేది మరొకటి ఉంది. అది ‘మన్ సై’. ఒకరి ఆర్భాటం చూసినప్పుడు, ఒకరి గొప్పలు విన్నప్పుడు, చూసేవారిలో పుట్టే చిరాకుకు అది పేరు. ‘సై’ అంటే పేగు. ఒళ్ళు మండిందని, కంటగింపుగా ఉందని మనం అంటాం. కడుపుమంట అంటే మాత్రం అందులో అసూయ పాలు ఎక్కువవుతుంది. మన్ సైలో కొంచెం అసూయ ఉండవచ్చు, కొంచెం న్యాయమైన కోపమూ ఉండవచ్చు. ముద్దుచేస్తున్న పసిబిడ్డను చూసి బుగ్గ గిల్లాలనిపించినప్పుడు కూడా థాయిలు నవ్వుతూ అదే మాట అంటారు. ఇంగ్లీషు మాటలు చూపించుకునేవాడి మీద తీర్పు చెబుతాయి. ఈ మాట చూసేవాడిలో ఏం జరుగుతున్నదో చెబుతుంది. అనువాదంలో ఈ తేడాను వదిలేస్తే సంభాషణలోని ప్రాణం పోతుంది.

కొత్తగా డబ్బు వచ్చినవారిని ఇంగ్లీషువారు ఫ్రెంచి మాట అరువు తెచ్చుకుని నూవో రీష్ అంటారు. థాయిలో ‘సేత్థీ మై’, అంటే కొత్త శ్రేష్ఠి. మన శెట్టి కూడా ఆ మూలం నుంచి వచ్చినదే. అయితే థాయిలు ఇటువంటి చోట విడి మాటకన్నా సామెతను ఎక్కువగా ఇష్టపడతారు. వాటిలో బాగా వినిపించేది ‘కింగ్‌కా దై థోంగ్’, అంటే బంగారం దొరికిన తొండ. ఈ సామెత బౌద్ధ జాతక కథల్లోని మహోషధ పండితుడి కథ నుంచి వచ్చింది. మిథిల రాజు ఉద్యానవనానికి వెళ్ళినప్పుడల్లా ద్వారం మీద ఉన్న ఒక తొండ కిందికి దిగి నేల మీద సాగిలపడేది. రాజు ముచ్చటపడి దానికి రోజూ మాంసం పెట్టించే ఏర్పాటు చేశాడు. ఉపోసథం అనే వ్రత దినాన జంతువులను చంపరు కాబట్టి ఆ రోజు మాంసం దొరకలేదు. సేవకుడు మాంసానికి బదులుగా ఆ విలువకు ఇచ్చిన అర మాషం నాణేనికి చిల్లు పొడిచి, దారం కట్టి, దాని మెడలో వేశాడు. ఆ తరువాత రాజు వస్తే ఆ తొండ ద్వారం మీదనే తల ఎత్తుకుని కూర్చుంది. అర మాషం చాలా చిన్న నాణెం. థాయి సామెతలో అది బంగారమయింది. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడనే మన సామెత కూడా ఈ సంగతే చెబుతుంది.

దీనికి తోడుగా మరో సామెత ఉంది. ‘గోదురుకప్ప పల్లకీ ఎక్కింది, తూనీగ జూకాలు పెట్టుకుంది’ అని అంటారు. థాయి మూలంలో ఈ రెండు పాదాలకు ప్రాస కుదురుతుంది. హోదా ఉన్నవారు ఎక్కవలసిన పల్లకీని అర్హత లేనివాడు ఎక్కాడన్న ఆక్షేపణ అందులో ఉంది. దాన్ని ఇంగ్లీషులో గాడీ అని అనువదిస్తే సగం అర్థం కూడా రాదు. గాడీ అన్నది కంటికి సంబంధించినది. ఈ సామెత అంతస్తుకు సంబంధించినది.

టాడ్రీ అనే మాటకు చిన్న చరిత్ర ఉంది. ఇంగ్లండులోని ఈలీ పట్టణంలో ఏడవ శతాబ్దంలో మఠం స్థాపించిన ఎథెల్‌డ్రెడా అనే సన్యాసినిని జనం సెయింట్ ఆడ్రీ అని పిలుచుకున్నారు. ఆమె 679లో మెడ మీద వాపుతో మరణించింది. చిన్నతనంలో మోజుపడి హారాలు వేసుకున్నందుకే మెడకు ఈ బాధ వచ్చిందని ఆమె అనుకున్నదని చరిత్రకారుడు బీడ్ రాశాడు. తరువాతి కాలంలో ఆమె పేరున జరిగే జాతరలో మెడకు కట్టుకునే పట్టు నాడాలు అమ్మేవారు. వాటికి సెయింట్ ఆడ్రీ లేస్ అని పేరు. జాతర సరుకు నాసిరకమైనకొద్దీ ఆ పేరు కుదించుకుని టాడ్రీ అయింది, చివరికి చవకబారు తళుకుకు మాటయింది. హారాలను చూసి పశ్చాత్తాపపడిన స్త్రీ పేరు చవక హారాలకు అంటుకోవడం నాకు ఎప్పుడు తలచుకున్నా బాధగానే ఉంటుంది. థాయిలో దీనికి విడి మాటకన్నా ‘పైకి పండినట్టు మెరుపు, లోపల తొర్ర’ అనే సామెత బాగా అతుకుతుంది. పైన పటారం, లోన లొటారం అని మనం అనేది అదే.

ఇప్పుడు వల్గర్ అనే మాటకు వద్దాం. ఈ ప్రసంగంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకునేది ఈ మాటనే. లాటిన్‌లో వల్గస్ అంటే సామాన్య జనం. మామూలు మనుషులది అన్న అర్థం కాలక్రమంలో నీచమైనది అన్న అర్థంగా మారింది. థాయిలోనూ అదే జరిగింది, అదీ మనకు బాగా తెలిసిన మాటతో. ‘సామాన్’ అనే థాయి మాట సంస్కృత సామాన్య శబ్దమే. మనం సామాన్యుడు అంటే అందులో సానుభూతి ఉంటుంది, కొంత గౌరవం కూడా ఉంటుంది. థాయిలో ఒక మనిషిని సామాన్ అంటే నీచుడని తిట్టినట్టు. వ్యాకరణంలో మాత్రం దాని పాత అర్థం నిలిచింది: జాతివాచక నామాన్ని థాయి బడి పిల్లలు ఇప్పటికీ ‘సామాన్య నామ్’ అనే చదువుతారు.

రెండవ మాట ‘ఫ్రై’. పాత సయాం రాజ్యంలో ప్రభువులకు వెట్టిచాకిరీ చేయవలసిన సాధారణ ప్రజలను ఆ పేరుతో పిలిచేవారు. ఐదవ రామ అనే పేరున్న చులాలాంగ్‌కోర్న్ రాజు కాలంలో, 1905లో నిర్బంధ సైనిక సేవా చట్టం వచ్చాక ఆ వ్యవస్థ ముగిసింది. మాట మాత్రం మర్యాద తెలియనివాడనే తిట్టుగా మిగిలింది. 2010లో బ్యాంకాక్ వీధుల్లో ఉద్యమించిన ఎర్రచొక్కాలవారు ఆ తిట్టునే ఎంచుకుని, తాము ఫ్రై అని చొక్కాల మీద అచ్చువేయించుకుని తిరిగారు. తమ ప్రత్యర్థులను వారు ‘అమ్మాత్’ అన్నారు. అది మన అమాత్యుడే.

మూడవది ఇంకా సున్నితమైనది. ఈశాన్య థాయిలాండులో ‘సియవ్’ అంటే ప్రాణమిత్రుడు. మణికట్టుకు దారం కట్టి స్నేహబంధం కలిపే ఆచారం అక్కడ ఉంది. ఖోన్ కేన్ నగరంలో ఏటా పట్టు ఉత్సవంతో పాటు దాన్ని కూడా జరుపుతారు. బ్యాంకాక్ వాడుకలో అదే మాట పల్లెటూరి బైతుకు, చవకబారు తీరుకు పేరయింది. ఆ ప్రాంతం నుంచి కూలిపనికి వచ్చినవారు ఒకరినొకరు ప్రేమగా పిలుచుకున్న మాటను రాజధాని ఎగతాళిగా మార్చింది. ఇంగ్లీషులో విలన్ అన్న మాట కూడా ఒకప్పుడు పల్లెలో పొలం దున్నేవాడిని చెప్పినదే. వల్గర్ అన్న మాటకు థాయిలో ఏది వాడాలని ఎవరైనా అడిగితే, ఈ మూడింటి జోలికి పోకుండా ‘యాప్‌ఖాయ్’ వాడమని చెబుతాను. ‘యాప్’ అంటే చేతికి గరుకుగా తగిలేది. ఇంగ్లీషులో కోర్స్, తెలుగులో ముతక కూడా బట్ట నుంచి మాటకు పాకినవే. ముతక సామెత అన్నప్పుడు మనం ఎవరి కులాన్నీ ఊరినీ ఎత్తిచూపడం లేదు.

మాటల హోదా ఎంతగా మారిపోతుందో చూడాలంటే 1292 నాటిదిగా చెప్పే రామ్‌ఖమ్‌హేంగ్ రాజు శాసనం చదవాలి. అది ‘ఫో కూ’ అని మొదలవుతుంది. మా నాన్న పేరు శ్రీ ఇంద్రాదిత్యుడు అని రాజు చెప్పుకుంటున్నాడు. ఇందులోని ‘కూ’ అన్న సర్వనామాన్ని ఇప్పుడు చనువున్న స్నేహితుల మధ్యనో, తిట్లలోనో తప్ప వాడితే మోటుతనమే. శిలమీద రాజు చెక్కించిన మాటను నేటి తరగతి గదిలో పిల్లవాడు పలికితే ఉపాధ్యాయుడు మందలిస్తాడు.

అసభ్యత అంటే థాయిలకు అర్థం ఒక్కటే కాదు, ధ్వని కూడా. కుక్కకు వాడుక మాట ‘మా’, మర్యాద మాట ‘సునక్’. పందికి వాడుక మాట ‘మూ’, మర్యాద మాట ‘సుకోన్’. ఇవి మన శునకం, సూకరం. కూరగాయలకు కూడా ఈ పద్ధతి ఉంది. నీటి తూటికూరను అంతా ‘ఫక్ బుంగ్’ అంటారు, రాజదర్బారు భాషలో మాత్రం అది చిగుళ్ళు సాచే కూర. ఎలుక పెంట అనే పేరున్న ఒక మిఠాయిని ఇసుక మిఠాయి అని మార్చారు. అక్షరాలు తారుమారు చేసి పలికితే బూతు వచ్చే మాటలను కూడా ఆ భాషలో తప్పించాలి. అలా మాటలు తిప్పి నవ్వుకోవడం థాయిలకు ఇష్టమైన ఆట కాబట్టి ఈ జాగ్రత్త అవసరమైంది.

చివరగా ‘లికే’ అనే జానపద నాటకం గురించి చెప్పి ముగిస్తాను. మలయ్ ముస్లింల భక్తిగానం నుంచి పుట్టిన ఈ నాటకం గుడి జాతరల్లో రాత్రిపూట సాగుతుంది. కథానాయకుడు నుదుటి నుంచి మోకాలి దాకా అద్దపు రాళ్ళు కుట్టిన దుస్తులు వేస్తాడు, ముఖానికి దట్టంగా రంగు పూస్తాడు. ఆట మధ్యలో అభిమానించే ఆడవారు కరెన్సీ నోట్లతో కట్టిన దండలు తెచ్చి అతని మెడలో వేస్తారు. ఆ వేదిక మీద ఛూత్‌ఛాత్ అనేది తప్పు కాదు. రాళ్ళు సరిగా మెరవకపోతేనే ప్రేక్షకులు పెదవి విరుస్తారు. అదే తళుకుతో ఎవరైనా పెళ్ళికో ఆఫీసుకో వస్తే, లికే ఆడేవాడిలా ముస్తాబయ్యాడని పక్కవారు అంటారు. అలా అనే వారే ఆ సాయంత్రం చాప చంకన పెట్టుకుని ముందు వరుసలో చోటు కోసం వెళతారు.

నమస్కారం.