రెండున్నర నిమిషాల క్లిప్, ఒక్క సాయంత్రంలో వేటు: షర్లీ షెరాడ్ ఉదంతంపై చర్చ

(స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: అంతర్జాతీయ వార్తల పాత్రికేయుడు, వీడియోల నిజనిర్ధారణ చేసే ఎడిటర్, సర్వీసు కేసుల న్యాయవాది, విశ్రాంత ఐఏఎస్ అధికారి.)

యాంకర్: నమస్కారం. 2010 జులై 19, సోమవారం. అమెరికా వ్యవసాయ శాఖలో గ్రామీణాభివృద్ధి విభాగానికి జార్జియా రాష్ట్ర డైరెక్టర్‌గా ఉన్న షర్లీ షెరాడ్ కారులో వెళ్తున్నారు. వాషింగ్టన్ నుంచి ఫోన్ మీద ఫోన్. చివరికి కారు రోడ్డు పక్కన ఆపించి, చేతిలో ఉన్న బ్లాక్‌బెర్రీ నుంచే రాజీనామా పంపించారు. నల్లజాతి మహిళ అయిన ఆమె ఒక తెల్ల రైతు పట్ల వివక్ష చూపారన్నది ఆరోపణ. రెండు రోజులు తిరక్కుండానే వైట్‌హౌస్ క్షమాపణ చెప్పింది. ఇంత తొందరపాటు ఎక్కడ మొదలైంది, సార్?

పాత్రికేయుడు: వారం ముందు మొదలైందండీ. నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ, ఒబామా ప్రభుత్వాన్ని వ్యతిరేకించే మితవాదుల టీ పార్టీ ఉద్యమంలో ఉన్న జాత్యహంకారుల్ని ఆ ఉద్యమం దూరం పెట్టాలంటూ తమ మహాసభలో తీర్మానం చేసింది. దానికి జవాబుగా మితవాద ప్రచారకుడు ఆండ్రూ బ్రైట్‌బార్ట్ తన వెబ్‌సైట్‌లో ఈ వీడియో పెట్టాడు. చూడండి, మీ సభల్లోనే జాత్యహంకారం ఉంది అన్నది అతని వాదన. షెరాడ్ ప్రసంగం మార్చి 27న జార్జియాలో అదే సంస్థ స్థానిక శాఖ జరిపిన విందులోది. మొత్తం 43 నిమిషాలు. బయటికొచ్చింది రెండున్నర నిమిషాల ముక్క. సాయం కోసం వచ్చిన ఒక తెల్ల రైతుకు తాను చెయ్యగలిగినంతా చెయ్యలేదని ఆమె చెప్పిన భాగం అది. పైగా ముందు తెర మీద అక్షరాలు వేశాడు: ప్రభుత్వ పదవిలో ఉండి ఈమె జాతిని బట్టి వివక్ష చూపుతోంది అని. అసలు దెబ్బ తీసింది ఆ అక్షరాలే. వాటిని చదివాక ఆమె మాటల్ని ఎవరూ చెవిపెట్టి వినలేదు.

యాంకర్: మేడమ్, మీ పనే ఇలాంటి క్లిప్పులు చూడడం. ఇందులో మీకేం కనిపిస్తుంది?

ఎడిటర్: ఈ కేసు గురించి అందరూ అనే మాట ఒకటుంది: పూర్తి వీడియో చూసుంటే తెలిసేది అని. నిజమే. కానీ నేను ఇంకో మాట చెప్తాను. పూర్తి వీడియో దాకా అక్కర్లేదు. కత్తిరించిన ఆ ముక్కలోనే మూడు ఆనవాళ్లున్నాయి.

ఒకటి. ఒక తెల్ల రైతు పొలాన్ని కాపాడాల్సిన పరిస్థితి "మొదటిసారి" ఎదురైనప్పుడు, అంటూ మొదలుపెడతారు. అంటే పాత సంగతి చెప్తున్నారు. రెండు. ఆ రైతును వ్యవసాయ శాఖే నా దగ్గరికి పంపించి ఉంటుందనుకున్నాను అంటారు. శాఖలో ఉన్న మనిషి అలా అంటుందా? అప్పట్లో ఆమె శాఖ బయట ఉన్నారని ఆ ఒక్క వాక్యమే చెబుతోంది. మూడు. అతన్ని ఒక తెల్ల లాయర్ దగ్గరికి తీసుకెళ్లాను, ఎందుకంటే రైతు కుటుంబాల కోసం చాప్టర్ 12 దివాలా చట్టం అప్పుడే వచ్చింది అంటారు. చాప్టర్ 12 వచ్చింది 1986లో.

న్యాయవాది: అది చాలా ముఖ్యం. చాప్టర్ 12 అంటే అప్పుల్లో కూరుకుపోయిన రైతు పొలం పోగొట్టుకోకుండా, మూడు నుంచి ఐదేళ్లలో వాయిదాలుగా తీర్చే ప్రణాళిక కోర్టులో వేసుకునే దారి. 80ల్లో అక్కడ వ్యవసాయ సంక్షోభం ముదిరినప్పుడు తెచ్చారు. వ్యవసాయ శాఖలో గ్రామీణ రుణాలు చూసేవాళ్లకి ఆ సంవత్సరం కంఠతా ఉండాలి. ఆ మాట చెవిన పడగానే, ఇది 24 ఏళ్ల కిందటి సంగతి, ఈవిడ మన దగ్గర చేరింది 2009లో కదా అని తట్టాలి.

ఎడిటర్: ఇంకొకటి కూడా ఉంది. అప్పుడే నాకు అర్థమైంది, ఇది లేనివాళ్లకీ ఉన్నవాళ్లకీ మధ్య సంగతి అని, అన్న మాట కూడా ఆ క్లిప్పు చివర్లోనే ఉంది. మనసు మారిన కథ చెప్తున్నారని అక్కడే బయటపడుతోంది. ఆ మార్పు ఎలా వచ్చిందో చెప్పే భాగానికి ముందే కోశారు. ఆ లాయర్ నెలల తరబడి ఏమీ చెయ్యలేదు. పొలం వేలానికి వచ్చే పరిస్థితి. అప్పుడు షెరాడ్ తనకు తెలిసిన లాయర్ల కోసం వెతికి, అమెరికస్ అనే ఊళ్లో ఒకర్ని పట్టుకుని కేసు వేయించారు. పొలం నిలిచింది. ఆ రైతు దంపతులు జులై 20న సీఎన్ఎన్‌లోకి వచ్చి, మా పొలం కాపాడింది ఈమే అని చెప్పారు.

యాంకర్: అంటే వివక్షకు గురయ్యాడన్న మనిషినే ఎవరూ అడగలేదు.

ఎడిటర్: వాళ్ల ఆచూకీ దొరకడానికి టీవీవాళ్లకి ఒక్క రోజు పట్టింది. ప్రభుత్వం ఆ ఒక్క రోజు ఆగలేదు.

యాంకర్: ఐఏఎస్ గారూ, శాఖలో అంతమంది ఉండి ఒక్కరికీ ఎందుకు తట్టలేదు?

విశ్రాంత అధికారి: భయం వల్ల. ఆ భయానికి కారణాలున్నాయి. 2009 సెప్టెంబరులో వైట్‌హౌస్ సలహాదారు వాన్ జోన్స్, ఫాక్స్ న్యూస్ టీవీలో మితవాద వ్యాఖ్యాత గ్లెన్ బెక్ వరుసగా విరుచుకుపడ్డాక, పాత వ్యాఖ్యల మీద రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. అదే నెల బ్రైట్‌బార్ట్ సైటే ఏకార్న్ అనే పేదల సంస్థ మీద రహస్య వీడియోలు బయటపెట్టింది. అమెరికా కాంగ్రెస్ వాటిని చూసి నిధులు ఆపేసింది. ఆ వీడియోలు కూడా బాగా కత్తిరించినవని కాలిఫోర్నియా అటార్నీ జనరల్ విచారణలో తేలింది, 2010 ఏప్రిల్‌లో. అంటే షెరాడ్ క్లిప్ వచ్చేనాటికి, ఈ సైటు వీడియో వస్తే ముందు పూర్తి టేపు అడగాలి అన్న పాఠం మూడు నెలల కిందటే చేతికొచ్చింది. వాళ్లు మాత్రం పాత భయాన్నే పట్టుకున్నారు. ఈ రాత్రి నువ్వు గ్లెన్ బెక్ షోలో వస్తావు అని తనతో ఫోన్‌లో అన్నారని షెరాడ్ తర్వాత చెప్పారు. ఆ రాత్రి బెక్ ఆ వీడియో వెయ్యనే లేదు.

పాత్రికేయుడు: వేసింది అదే ఛానల్‌లోని బిల్ ఓరైలీ. ఆమె తప్పుకోవాలన్నాడు. అది ప్రసారమయ్యేసరికి ఆమె రాజీనామా అయిపోయింది. రెండు రోజుల తర్వాత క్షమాపణ చెప్పాడు.

విశ్రాంత అధికారి: రెండో కారణం ఇంకా లోతైంది. నల్ల రైతులకు రుణాలివ్వకుండా దశాబ్దాల తరబడి వివక్ష చూపిన శాఖ అది. దాని మీద నల్ల రైతులు వేసిన పిగ్‌ఫర్డ్ కేసులో 1999లో రాజీ కుదిరింది. రెండో విడతకు 2010 ఫిబ్రవరిలో 125 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు, నిధులింకా కాంగ్రెస్‌లో నలుగుతున్నాయి. ఆ సమయంలో శాఖలోని నల్లజాతి అధికారి తెల్లవాళ్లకి అన్యాయం చేసిందన్న మాట బయటికొస్తే మొత్తం మునుగుతుందనుకున్నారు. వివక్షను సహించేది లేదు అని శాఖామంత్రి టామ్ విల్సాక్ ప్రకటన ఇచ్చేశారు. కానీ ఈమె ఎవరు? 1969లో భర్త చార్లెస్ షెరాడ్, మరికొందరితో కలిసి న్యూ కమ్యూనిటీస్ అనే సమష్టి భూమి పెట్టిన మనిషి. దాదాపు 6 వేల ఎకరాలు. కరువొచ్చినప్పుడు రుణం అందక 1985లో మొత్తం పోయింది. ఆ పిగ్‌ఫర్డ్ కేసులోనే 2009లో వాళ్లకు సుమారు 1.2 కోట్ల డాలర్ల పరిహారం వచ్చింది. తేదీలు కలిపి చూడండి. సొంత భూమి పోయింది 1985లో. తెల్ల రైతు తన భూమి కాపాడమని గుమ్మంలోకి వచ్చింది 1986లో. ఇతనికి ఎంత సాయం చెయ్యాలి అని ఆమె మనసు ఊగిసలాడిందంటే, ఆ ఊగిసలాట ఎక్కడిదో శాఖకే తెలియాలి. ఆ గాయం చేసింది ఆ శాఖే.

యాంకర్: ఆమె తండ్రిని కూడా...

విశ్రాంత అధికారి: 1965లో తెల్ల రైతు కాల్చి చంపాడు. అంతా తెల్లవాళ్లే ఉన్న గ్రాండ్ జ్యూరీ కేసే పెట్టలేదు. ఆ ప్రసంగం మొదలయ్యేదే తండ్రి అంత్యక్రియలు జరిగి ఆ రోజుకి 45 ఏళ్లు అని. అది కూడా క్లిప్పులో లేదు.

పాత్రికేయుడు: నేను కొంచెం అడ్డుపడతాను. ప్రభుత్వాన్నే నిలదీస్తున్నాం. మోసం చేసినవాడు తప్పించుకుపోకూడదు.

విశ్రాంత అధికారి: తప్పించుకోకూడదు. కానీ అతను వీడియో పెట్టగలడే గానీ ఆమెను ఉద్యోగంలోంచి తియ్యలేడు కదండీ. సంతకం మనది.

యాంకర్: ఎన్ఏఏసీపీ కూడా మొదట ఆమెనే తప్పుపట్టింది కదా?

పాత్రికేయుడు: అది మరీ బాధ. సభ జరిపింది తమ శాఖే. టేపు స్థానికంగానే ఉంది. అయినా అధ్యక్షుడు బెన్ జెలస్ ఆ రాత్రే ఖండన ఇచ్చేశారు. మర్నాడు ఆ ప్రకటన వెనక్కి తీసుకుని, మోసపోయామని ఒప్పుకుని, 43 నిమిషాల వీడియో మొత్తం పెట్టారు. 21న వైట్‌హౌస్ ప్రతినిధి రాబర్ట్ గిబ్స్ క్షమాపణ చెప్తుంటే, షెరాడ్ సీఎన్ఎన్ స్టూడియోలో కూర్చుని ప్రత్యక్ష ప్రసారంలో చూశారు. విల్సాక్ తప్పు తనదేనన్నారు, కొత్త ఉద్యోగం ఇస్తామన్నారు. 22న ఒబామా ఏడు నిమిషాలు ఫోన్‌లో మాట్లాడారు. సరిగ్గా ఏడాది ముందు, 2009 జులై 22న, నల్లజాతి హార్వర్డ్ ప్రొఫెసర్ గేట్స్‌ని ఆయన ఇంటి దగ్గరే అరెస్టు చేయడం మీద పోలీసులు మూర్ఖంగా ప్రవర్తించారని నోరు జారి, సర్దుకోవడానికి వారం పట్టిన అధ్యక్షుడాయన. జాతి మాటెత్తితేనే ఆ ప్రభుత్వానికి చెమటలు పట్టేవి. కానీ ఆ నవంబరులో కాంగ్రెస్ ఎన్నికల్లో ఒబామా పార్టీ ఓటమిని దీనికి అంటగట్టొద్దు. అది ఆర్థిక వ్యవస్థ మీద పడ్డ ఓటు.

యాంకర్: మేడమ్, చట్టం ఆమెను కాపాడలేదా?

న్యాయవాది: లేదు. అది రాజకీయ నియామకం. ఉంచితే ఉండాలి, పొమ్మంటే పోవాలి. మన దగ్గర రెగ్యులర్ ఉద్యోగికి రాజ్యాంగం 311(2) అధికరణం అండగా ఉంది. అభియోగాలు చెప్పి, విచారణ జరిపి, జవాబు చెప్పుకునే అవకాశమిచ్చాకే డిస్మిస్ చెయ్యాలి. బలవంతంగా రాజీనామా రాయించుకున్నారని రుజువైతే కోర్టు దాన్ని రాజీనామాగా చూడదు. కానీ నామినేటెడ్ పోస్టులకీ, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికీ 311 వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఒక క్లిప్ వైరలైతే సాయంత్రానికల్లా పోయేది ఈ ఉద్యోగాలే.

విశ్రాంత అధికారి: రెగ్యులర్ వాళ్లని సస్పెండ్ చేస్తారు. అదీ తేలికేనండీ.

న్యాయవాది: తేలికే, కానీ సస్పెన్షన్ శిక్ష కాదు. మూడు నెలల్లో ఛార్జిమెమో ఇవ్వకపోతే కొనసాగించొద్దని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది, అజయ్ కుమార్ చౌదరి కేసులో. రేపు ఆ క్లిప్పే సాక్ష్యం కావాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) ప్రకారం ధ్రువపత్రం కావాలి, అందులో ఫైల్ హాష్ విలువ, అంటే ఆ ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్, రాయాలి. వాట్సాప్‌లో తిరిగిన కాపీకి ఆ హాష్ అసలుతో కలవదు.

యాంకర్: సరే, సాయంత్రం ఏడుకి ఒక అధికారి ఫోన్‌కి ఇలాంటి క్లిప్ వచ్చింది. ఏం చెయ్యాలి?

ఎడిటర్: ముందు వచ్చిన కాపీ పక్కన పెట్టి, మొదట ఎవరు అప్‌లోడ్ చేశారో వెతకాలి. వాట్సాప్ వీడియోని కుదిస్తుంది, తేదీ లాంటి వివరాలు పోతాయి. తర్వాత శబ్దం ఆపి ఒకసారి చూడాలి. మనిషి చెయ్యి, తల ఉన్నట్టుండి చోటు మారితే అక్కడ కోత ఉంది. తర్వాత తెర మీద అక్షరాల్ని అరచేత్తో కప్పి, ఒక్క శబ్దమే వినాలి. షెరాడ్ క్లిప్‌కి ఇదే చేస్తే చాలు, నేను చెప్పిన మూడూ వినిపిస్తాయి. తర్వాత, మొదటి వాక్యానికి ముందేముంది, చివరి వాక్యం తర్వాతేముంది? సభ జరిపినవాళ్లకి ఫోన్ చేస్తే తెలుస్తుంది.

విశ్రాంత అధికారి: ఇంకో రెండు ఫోన్లు. ఆరోపణ పడ్డ మనిషికి ఒకటి, అన్యాయం జరిగిందన్న మనిషికి ఒకటి. షెరాడ్ విషయంలో మొదటి ఫోన్ చేశారు, కానీ వినడానికి కాదు, రాజీనామా అడగడానికి. ముందు మొత్తం సంగతి వినండి అని ఆమె మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. ఈలోగా పత్రికలకి ఒక్క వాక్యం చాలు: పూర్తి రికార్డింగ్ తెప్పిస్తున్నాం, రేపు మధ్యాహ్నానికి చెప్తాం. ఆ రాత్రి తిట్లు పడతాయి. పడనివ్వాలి.

యాంకర్: తర్వాత ఆమె ఆ ఉద్యోగం తీసుకున్నారా?

పాత్రికేయుడు: లేదు. ఆగస్టు 24న విల్సాక్ పక్కనే నిలబడి వద్దన్నారు.

న్యాయవాది: 2011 ఫిబ్రవరిలో బ్రైట్‌బార్ట్ మీద పరువునష్టం దావా వేశారు. భావప్రకటన మీద దాడి అంటూ కొట్టెయ్యమన్నారు వాళ్లు, కోర్టు ఒప్పుకోలేదు. 2012 మార్చిలో ఆయన చనిపోయారు, కేసు ఆయన భార్య మీదికి వచ్చింది. 2015లో రాజీ. షరతులు బయటపెట్టలేదు. ఒక్క సాయంత్రం మాటకి నాలుగున్నరేళ్లు కోర్టు.

పాత్రికేయుడు: రాజకీయంగా అక్కడితో కూడా ఆగలేదు. 2020 డిసెంబరులో బైడెన్ మళ్లీ విల్సాక్‌నే వ్యవసాయ శాఖకు తేవాలనుకున్నప్పుడు, ఎన్ఏఏసీపీ కొత్త అధ్యక్షుడు డెరిక్ జాన్సన్ బైడెన్‌కే నేరుగా చెప్పారు, షెరాడ్ పేరు ఎత్తి: విల్సాక్‌ని తెస్తే జార్జియా ఓటర్ల మీద దాని ప్రభావం ఘోరంగా ఉండొచ్చు అని. ఎందుకంటే జనవరి 5న అక్కడ రెండు సెనేట్ స్థానాలకు మలివిడత పోలింగ్ ఉంది, సెనేట్ ఎవరి చేతిలో ఉంటుందో తేలేది అక్కడే. డెమొక్రాట్లు రెండూ గెలిచారు, విల్సాక్ మంత్రీ అయ్యారు. కానీ పదేళ్ల తర్వాత, అలాంటి ఘడియలో ఆ పార్టీ కంగారు పడాల్సి వచ్చింది ఆ రోడ్డు పక్కన ఆగిన కారు గురించి.