కంచం అంచున చిక్కుడుకాయ: ఉపాధ్యాయ శిక్షణలో వర్చువల్ రోల్ ప్లే

సభకు నమస్కారం.

ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో నేను ఏజెన్సీలోని ఒక పాఠశాలలో పనిచేశాను. ఒకనాడు మధ్యాహ్న భోజనంలో చిక్కుడుకాయ కూర వండారు. నాలుగో తరగతి కోయ పిల్లవాడొకడు కూరను కంచం అంచుకు నెట్టి వట్టి అన్నం తింటున్నాడు. తినమన్నాను, తల వంచుకున్నాడు. గొంతు పెంచాను, కంచం వదిలేసి వెళ్లిపోయాడు. మరునాడు బడికి రాలేదు. వాళ్ల ఊళ్లో చిక్కుడు కొత్త ఇంకా చేయలేదనీ, కొత్త పండుగ జరిపి దేవతకు పెట్టనిదే ఆ ఏటి కాయ నోట పెట్టకూడదనీ వాడి నాయనమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. నేను మొండితనం అనుకున్నది వాడికి నియమం.

ఆ గొడవంతా అర నిమిషంలో ముగిసింది. ఇతర సంస్కృతులను గౌరవించాలని శిక్షణ తరగతుల్లో విన్నప్పుడు అందరమూ తలలూపుతాం గాని, ఆ అర నిమిషంలో నోటి వెంట వచ్చేది విన్న పాఠం కాదు, ఏళ్ల తరబడి పట్టుబడిన అలవాటు. దాన్ని మార్చుకోవాలంటే ముందు అది మన కంటికి కనబడాలి. మన తరగతుల్లోనూ పాత్రాభినయం చేయిస్తారు. అయితే యాభై ఏళ్ల సహోద్యోగి పిల్లవాడిగా నటిస్తుంటే నవ్వాపుకోవడంతోనే సరిపోతుంది. అదే పాత్రాభినయాన్ని కంప్యూటర్ తెర మీద ఆటలా నడిపేదే వర్చువల్ రోల్ ప్లే.

అమెరికాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రూపొందిన ఇలాంటి ఏర్పాటైన టీచ్‌లివ్‌లో ఉపాధ్యాయుడు తెర ముందు నిలబడి, తెర మీది పిల్లల అవతార్లతో, అంటే కంప్యూటర్ బొమ్మలతో, మాట్లాడతాడు. వాటి వెనుక శిక్షణ పొందిన మనిషి ఉండి మాటలు, కదలికలు సమకూరుస్తాడు. పొరపాటు జరిగితే ఆపి, అదే సన్నివేశాన్ని మళ్లీ మొదలుపెట్టవచ్చు. నిజమైన పిల్లవాడెవడూ కంచం వదిలి వెళ్లడు.

ఇలాంటి ఆటలో మన ప్రవర్తనను దేనితో కొలవాలన్నది తరువాతి ప్రశ్న. అఫ్జలుర్ రహీమ్, థామస్ బొనోమా 1979లో ఒక నమూనా ప్రతిపాదించారు. మన ప్రయోజనాన్నీ ఎదుటివారి ప్రయోజనాన్నీ ఎంతెంత పట్టించుకుంటామన్న దాన్ని బట్టి, సంఘర్షణలో మనిషి నడిచే తీరు ఐదు విధాలుగా ఉంటుందని దాని సారాంశం: ఇద్దరికీ సరిపడే దారి వెతకడం, ఎదుటివారికి తలొగ్గడం, తన మాటే నెగ్గించుకోవడం, తప్పుకుపోవడం, చెరిసగం చేసుకోవడం. సంప్రదింపుల నైపుణ్యం నేర్పడానికి ఐరోపాలో తయారైన ఎనాక్ట్ అనే ఆట ఈ నమూనా మీదే నిలిచింది.

ఏ పద్ధతీ ఎల్లవేళలా సరైనది కాదని ఈ నమూనా చెబుతుంది. పిల్లలు రాళ్లు పట్టుకుని కొట్టుకుంటుంటే ఉపాధ్యాయుడి మాటే నెగ్గాలి. మరి చిక్కుడుకాయ దగ్గర? నేను చేసింది నెగ్గించుకోవడమని వేరే చెప్పనక్కరలేదు. "సరేలే, తినకు" అని ఉంటే మంచివాడిననిపించుకునేవాణ్ణి గాని కారణం ఎన్నటికీ తెలిసేది కాదు. "రెండు ముక్కలైనా తిను" అనే రాజీ ఎంతో న్యాయంగా వినిపిస్తుంది. కానీ నిషేధంలో సగం ఉండదు. మిగిలింది అడగడం. అదీ వరుసలో కూర్చున్న పిల్లలందరి ముందు అడిగితే నిలదీసినట్టే అవుతుంది; చేతులు కడుక్కునే చోట, పక్కకు పిలిచి, నెమ్మదిగా అడగాలి. ఈ తేడాలను చేసి చూసి తెలుసుకునే అవకాశం ఇస్తుంది కాబట్టే ఇలాంటి ఆటకు విలువ.

ఒక ప్రమాదం కూడా ఉంది. పిల్లవాడి పాత్రను పట్నంలో కూర్చున్నవాళ్లు రాస్తే, కోయ పిల్లలు చిక్కుడుకాయ తినరన్న మరో అపోహతో ఉపాధ్యాయుడు బయటికి వస్తాడు. కొత్త పండుగ అయిపోయిన పక్క ఊరి కోయ పిల్లవాడు అదే వరుసలో లొట్టలు వేస్తూ తింటుండవచ్చు కదా! ఆట ముగిశాక కూర్చుని ఎవరు ఏమనుకున్నారో మాట్లాడుకోవడం అందుకే తప్పనిసరి. నా అనుభవంలో ఆటకు పట్టిన సమయానికి రెట్టింపు ఈ మాటలకు కేటాయించాలి.

జాతీయ విద్యావిధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలని చెబుతోంది. అందులో కొన్ని గంటలు దీనికి ఇవ్వడానికి కళ్లకు తగిలించుకునే ఖరీదైన హెడ్‌సెట్లు అక్కరలేదు. ట్వైన్ అనే ఉచిత సాధనంతో, ఎంపికను బట్టి మలుపు తిరిగే కథను ఒకే ఫైలుగా తయారుచేసుకోవచ్చు; ఫోన్‌లోకి ఎక్కించుకుంటే సిగ్నల్ లేని ఊళ్లోనూ నడుస్తుంది.

అలా మేమొక ముసాయిదా రాసి ఊళ్లోని పెద్దావిడకు చదివి వినిపించాం. అందులో మాస్టారు కోప్పడగానే పిల్లవాడు పండుగ సంగతంతా వివరంగా చెబుతాడు. ఆవిడ నవ్వి, "మా పిల్లలు అంత మాట్లాడరు సారూ, గొంతు పెంచితే లేచిపోతారు" అన్నది. ఆ సంభాషణ తీసేశాం. ఇప్పుడు ఆటలో గొంతు పెంచితే, తెర మీద ఖాళీ పీట, కూర అంచుకు నెట్టిన కంచం మాత్రమే మిగులుతాయి.