సీసీ చూసి కారు కొనకండి: ఒకే బండి, మూడు ఇంజన్లు, శ్రీశైలం ఘాట్

నమస్కారం అండీ. నా వెనక మూడు కియా సోనెట్లు కనబడుతున్నాయి కదా. తెల్లది మా బాబాయిది, 1.2 పెట్రోల్. మధ్యలో ఎర్రది నాది, 1.0 టర్బో పెట్రోల్. ఆ చివర బూడిద రంగుది మా ఫ్రెండ్‌ది, 1.5 డీజిల్. డెమో బండ్లు కావు, ముగ్గురం సొంత డబ్బులు పెట్టి కొనుక్కున్నవి. నిన్న హైదరాబాద్‌లో బయల్దేరి మూడింటినీ వరసగా శ్రీశైలం తీసుకొచ్చాం. మూడూ మన పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీలో తయారైనవే. బాడీ ఒకటే, సీట్లు ఒకటే. తేడా అంతా బానెట్ కిందే. ఇంజన్లని పోల్చడానికి ఇంతకన్నా మంచి అవకాశం నాకు దొరకదు.

కారు కొనబోయేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న "అన్నా, ఎన్ని సీసీ?" అని. సీసీ అంటే ఇంజన్ సిలిండర్ల సైజు. బైకులతో అలవాటైన లెక్క అది. 100 సీసీ కన్నా 150 సీసీ బలమైనది, అంతే. కార్లలో ఆ లెక్క ఎప్పుడో తప్పింది. బాబాయి బండి ఇంజన్ 1,197 సీసీ, నాలుగు సిలిండర్లు, 83 పీఎస్ పవర్, 115 ఎన్ఎం టార్క్. టార్క్ అంటే ఇంజన్ తిప్పే బలం, బండిని లాగేది అదే. నాది 998 సీసీ, మూడే సిలిండర్లు, కానీ 120 పీఎస్, 172 ఎన్ఎం. డీజిల్ 1,493 సీసీ, 116 పీఎస్, 250 ఎన్ఎం. మూడింట్లో చిన్న ఇంజన్‌కే పవర్ ఎక్కువ. టార్క్‌లో మాత్రం డీజిల్‌ని అందుకునేది లేదు.

చిన్న ఇంజన్‌కి అంత బలం ఎక్కడిదంటే, టర్బో వల్ల. సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతారు. అది తిరుగుతూ బయటి గాలిని ఒత్తిపట్టి ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ వెళ్తే ఇంధనం ఎక్కువ కాలుతుంది, బలం వస్తుంది. అయితే ఆ చక్రం తిరగాలంటే పొగ బాగా రావాలి. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అది రాదు. ఆ కొద్ది క్షణాల ఆలస్యాన్నే టర్బో ల్యాగ్ అంటాం.

నేను సీసీ కన్నా ముందు చూసేది వేరే ఉంది. టార్క్ ఎంత అన్న అంకె పక్కనే, అది ఎన్ని ఆర్పీఎం దగ్గర, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగినప్పుడు వస్తుందో రాసి ఉంటుంది. 1.2కి పూర్తి టార్క్ 4,200 దగ్గర వస్తుంది. టర్బోకి 1,500 నుంచి 4,000 దాకా, డీజిల్‌కి 1,500 నుంచి 2,750 దాకా ఉంటుంది. మనం రోజూ బండి నడిపేది ఎక్కువగా 1,500కీ 2,500కీ మధ్యే. ఆ మధ్యలో మీ ఇంజన్ దగ్గర ఏముందన్నదే అసలు విషయం.

ఇప్పుడు ఘాట్ దగ్గరికి వద్దాం. ఈ రోడ్డు తెలిసినవాళ్ళకి తెలుసు, దోమలపెంట దాటాక కృష్ణ దాకా అంతా దిగుడు, పాతాళగంగ వంతెన దాటాక మళ్ళీ ఎక్కుడు. ఆ ఎక్కుడు నేను మూడుసార్లు ఎక్కాను, ఒక్కో బండిలో ఒక్కోసారి. ప్రతిసారీ అవే నలుగురు మనుషులు, అదే ఏసీ.

ముందు 1.2. ఒక మలుపులో ముందు ఆర్టీసీ బస్సు, మేం రెండో గేర్లో, మీటర్లో 1,500. బస్సు పక్కకి ఇచ్చింది. యాక్సిలరేటర్ తొక్కాను. శబ్దం పెరిగింది, బండి మాత్రం ఆలోచిస్తున్నట్టే ఉంది. ఫస్ట్‌లోకి వేసి మూడు వేలు దాటించాక అప్పుడు కదిలింది. ఆగిపోలేదు, వేడెక్కలేదు, పైదాకా బుద్ధిగా ఎక్కింది. కాకపోతే పని మొత్తం మన చేతా, మన కాలి చేతా చేయిస్తుంది. ఓవర్‌టేక్ కావాలంటే ముందే గేరు దించుకుని సిద్ధంగా ఉండాలి. పక్కన కూర్చున్న మా పిన్ని "ఎందుకురా అంత రొద" అంది. ఆ రొద ఇంజన్ బాధ కాదు, దాని పద్ధతే అది. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళు ఇది తెలియక పై గేర్లోనే తొక్కి, బండి లాగట్లేదని టెన్షన్ పడతారు.

తర్వాత నా టర్బో. అదే రోడ్డు, అదే రెండో గేర్. 1,500 కింద ఉన్నప్పుడు తొక్కితే ఒక క్షణం ఏమీ లేదు, నిజంగానే ఏమీ లేదు. 1,800 దాటగానే వెనక నుంచి ఎవరో తోసినట్టు లాగింది. ఆ క్షణం ఎప్పుడొస్తుందో అలవాటు కావడానికి నాకు నెల పట్టింది. అలవాటయ్యాక ఘాట్ అంటే ఇష్టం మొదలైంది. వెయ్యి సీసీ ఘాట్ ఎక్కుతుందా అని అడిగేవాళ్ళకి ఇదే నా సమాధానం. ఎక్కుతుంది, ఓవర్‌టేక్ కూడా చేస్తుంది, కానీ ముల్లు 1,500 కిందికి పోనివ్వకండి.

డీజిల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మూడో గేర్లో పెట్టాను, చాలా మలుపులు అలాగే తిరిగాయి. నలుగురు ఉన్నారన్న సంగతి బండికి తెలిసినట్టే లేదు.

అయితే అందరూ డీజిలే కొనాలా? వద్దు. ఇప్పటి డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద ఒకే వేగంతో కాసేపు నడవాలి. మా పెద్దమ్మ కొడుకు వేరే డీజిల్ బండి తీసుకున్నాడు. ఇంటి నుంచి ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు, అదీ ట్రాఫిక్‌లో. ఇంజన్ వేడెక్కే లోపే ఆఫీసు వచ్చేస్తుంది. కొన్నాళ్ళకి మీటర్లో డీపీఎఫ్ లైటు వెలిగింది. అన్నయ్య దాన్ని పట్టించుకోలేదు, ఆఖరికి బండి పికప్ తగ్గి షెడ్డుకి వెళ్ళింది. లైటు వెలిగిన రోజే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి అరగంట తిప్పి వస్తే పోయేది. నెలకి పదిహేను వందల కిలోమీటర్లు, అందులో ఎక్కువ హైవే తిరిగేవాళ్ళకే నేను డీజిల్ చెప్తాను.

మైలేజీ మేం ట్యాంక్ ఫుల్ చేయించి లెక్కేసుకున్నదే చెప్తాను. సిటీలో బాబాయికి 13, 14 వస్తోంది, నాకు 11 దాటితే సంతోషం. హైవేలో నాకు 17. డీజిల్‌కి నిన్న 21 పైనే వచ్చింది. టర్బో మైలేజీ మొత్తం మీ పాదంలో ఉంటుంది, ఆ తోపు బాగుందని ప్రతి సిగ్నల్ దగ్గరా వాడుకుంటే పెట్రోల్ అలాగే తాగుతుంది.

ఇక బ్రాండ్ గొడవ. హ్యుందాయ్ వెన్యూలోనూ ఈ మూడు ఇంజన్లే ఉంటాయి. రెండూ ఒకే గ్రూపు. ఇంకాస్త వెనక్కి వెళ్తే ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్, 1,248 సీసీ. అదే ఇంజన్ మారుతి స్విఫ్ట్‌లో, టాటా ఇండికా విస్టాలో, ఫియట్ పుంటోలో. మూడు కంపెనీల ఓనర్లూ మా ఇంజనే గొప్ప అని వాదించుకునేవాళ్ళు, వాళ్ళు పొగుడుతున్నది ఒకే ఇంజన్‌ని. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త కాలుష్య నిబంధనలు రావడంతో అది ఇక్కడ ఆగిపోయింది. నాకు ఇప్పటికీ ఇష్టమైన ఇంజన్ అది.

చిన్న కార్ల ఇంజన్లు చాలావరకు 1,197, 1,199, 1,493, 1,497 సీసీ దగ్గరే ఎందుకు ఆగుతాయో చాలామందికి తెలియదు. పన్ను వల్ల. పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోల్ 1,200, డీజిల్ 1,500 సీసీ లోపు ఉంటేనే చిన్న కారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కారుకి జీఎస్టీ 18 శాతం, ఆ గీత దాటితే 40 శాతం. సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు, గీతకి అయిదు మిల్లీమీటర్ల ఇవతల. టర్బో వల్ల కంపెనీలు ఆ గీత దాటకుండానే బలం ఇవ్వగలుగుతున్నాయి.

బాబాయి రోజూ కొత్తపేట నుంచి ఉప్పల్ వెళ్ళొస్తారు, శ్రీశైలం ఏడాదికి ఒకసారి. ఆయనకి 1.2 సరిగ్గా సరిపోయింది. తక్కువ వేగంలో మెత్తగా కదులుతుంది, సర్వీసు ఖర్చు తక్కువ, టర్బో అనే అదనపు వస్తువే లేదు. నేను నెలకి రెండుసార్లు ఊరెళ్తాను, అందుకే టర్బో. మళ్ళీ కొనాల్సి వచ్చినా అదే కొంటాను.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళినప్పుడు ఒక్కరే వెళ్ళకండి. ఇంట్లో నలుగురినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, ఫ్లైఓవర్ మొదట్లో రెండో గేర్లో 1,500 దగ్గర పెట్టి తొక్కి చూడండి. షోరూం వాళ్ళు ఖాళీ రోడ్డు మీద తిప్పుకురమ్మంటారు, మీరు ఫ్లైఓవరే అడగండి.

సాయంత్రం అవుతోంది. దారిలో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, అడవిలో వేగంగా వెళ్ళకూడదు కూడా, కాబట్టి మేం ఇప్పుడే బయల్దేరాలి. తిరుగు ప్రయాణంలో టర్బో తాళం బాబాయి తీసుకున్నారు. ఉంటానండీ.