చెరువుకి ల్యాబు, మనకి డబ్బా: వదినా మరిది ముచ్చట్లు

వదిన: ఎర్ర లైటు వెలిగింది. నమస్కారం అండి అందరికీ. పాలకొల్లు నుంచి మీ వదిన.

మరిది: భీమవరం అవతల రొయ్యల చెరువు గట్టు మీంచి మీ మరిది. ఆయ్. ముందుగా, పోయినవారం కొబ్బరికాయల లెక్క తేలలేదని ఒకాయన...

వదిన: ఆ లెక్క ఈ జన్మలో తేలదు. పద. ఈసారి విషయం టెన్షన్ తగ్గుతుందని అమ్మే డబ్బాలు. అశ్వగంధ, మెగ్నీషియం, బీ కాంప్లెక్స్. జబ్బేమీ లేదు, వత్తిడి మాత్రం వదలట్లేదు, అలాంటి మనిషి వేసుకుంటే ఏమన్నా ఒరుగుతుందా అని. మా మందుల షాపులో రోజూ అడుగుతున్నారు.

మరిది: దానికి ముందు ఒక్కటి చెప్పనివ్వండి. మేం రొయ్యకి కూడా యాంటీ స్ట్రెస్ వేస్తాం.

వదిన: మొదలెట్టాడు. ఇంక ఈ ఎపిసోడు చెరువులోకే.

మరిది: వినండి వదినా, ఇది విషయంలోనిదే. పెద్ద వాన పడిందనుకోండి. ఉప్పు శాతం పడిపోద్ది, నీళ్ళు చల్లబడతాయి. వనామీ, అంటే మేం పెంచే రొయ్య, మేత మానేస్తుంది. మేత తిన్నదో లేదో చూడ్డానికి నీళ్ళలో దింపే చెక్ ట్రే తీస్తే మేత అలాగే ఉంటది. రొయ్యని పట్టుకుంటే పొట్టు మెత్తగా, వేలికి అంటుకున్నట్టుంటది. పేగులో నల్ల గీత ఉండాలి, అది తెగిపోయి ఉంటది. అప్పుడు సి విటమిన్ జెల్‌తో మేతకి పట్టించి పెడతాం. దానికి సి విటమిన్ ఒంట్లో తయారవదు.

వదిన: మనిషికీ అవదు.

మరిది: చూశారా! ఇంక మినరల్స్. మాకు బోరు నీళ్ళు కదా, మెగ్నీషియం, పొటాషియం తక్కువుంటాయి. సముద్రపు నీళ్ళలో కాల్షియం కన్నా మెగ్నీషియం మూడింతలు ఉంటది. ఆ లెక్క తేడా వస్తే కుబుసం విడిచాక పొట్టు గట్టిపడదు. అందుకే రొయ్యలు ఎక్కువగా కుబుసం విడిచే అమావాస్య, పౌర్ణమి దగ్గరికొచ్చేసరికి మాకు ఒళ్ళు జలదరిస్తది.

వదిన: మరి మెగ్నీషియం ఎంత వెయ్యాలో ఎలా తెలుసు నీకు?

మరిది: ల్యాబుకి నీళ్ళు పంపుతాం కదండీ. రిపోర్టు చూసి బస్తాలు లెక్కేస్తాం.

వదిన: రిపోర్టు లేకుండా వేస్తావా?

మరిది: వేస్తే డబ్బులు నీళ్ళలో... అంటే, ఎలాగూ నీళ్ళలోనే అనుకోండి.

వదిన: మరి నీ జేబులో ఉన్న డబ్బా ఏ రిపోర్టు చూసి కొన్నావు? తియ్యి. నిన్న మీ అన్నయ్య చూశారులే.

మరిది: అది ఒక ఫ్రెండు ఇచ్చాడు.

వదిన: ఇలా ఇవ్వు. అశ్వగంధ, మూడొందల మిల్లీగ్రాములు. "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని ముందే అచ్చేశాడు. హెల్త్ సప్లిమెంట్ కదా, అది రాసి తీరాలి. ఆయుర్వేద మందుగా అమ్మితే లైసెన్సు వేరు, ఆయుష్‌ది. ఇంకోటి, దుంప సారమా ఆకు సారమా అన్నది చూడాలి. ఆకు వాడొద్దని ఆయుష్ శాఖ 2021లో చెప్పింది.

మరిది: మా తాతగారు పెన్నేరు గడ్డ, అదే అశ్వగంధ, పొడి పాలల్లో వేసుకుని తాగేవారు. ఆయన ఏ లేబులు చదివారండీ?

వదిన: ఆయన తాగింది చూర్ణం, మూడు నుంచి ఆరు గ్రాములు. ఇది పిండి తీసిన సారం, చిక్కన. రెండూ ఒకటే అనుకుని లెక్కెయ్యకూడదు. సరే, పని చేస్తుందా అంటావా? మన హైదరాబాదులోనే చేసిన అధ్యయనం ఒకటుంది, 2012లో అచ్చయింది. 64 మంది, పూటకి 300 మిల్లీగ్రాములు, రోజుకి రెండు పూటలు, 60 రోజులు. వత్తిడి స్కోరు తగ్గింది. వత్తిడికి పెరిగే కార్టిసాల్ అనే హార్మోను సుమారు 28 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకి 8 శాతమే.

మరిది: మరింకేం!

వదిన: 64 మంది, రెండు నెలలు. నీ చెరువు లీజెన్నేళ్ళు?

మరిది: ...మాటొచ్చిందని లీజు మీదకి పోకండి.

వదిన: తర్వాతా అధ్యయనాలు వచ్చాయి, చాలావాటిలో కొంత మంచి కనపడింది. కానీ చిన్నవి, పొట్టివి. ఏళ్ళ తరబడి వేసుకుంటే ఏమవుతుందో ఎవరూ చూపించలేదు. లివర్ దెబ్బతిన్న కేసులు వచ్చాయి. డెన్మార్క్ 2023లో అశ్వగంధని నిషేధించింది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు, నిద్రమాత్ర వేసుకునేవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. మా షాపుకొచ్చి థైరాయిడ్ మాత్రా, ఇదీ ఒకే కవర్లో వెయ్యమంటారు.

మరిది: మెగ్నీషియం అయితే ఫరవాలేదు కదా? మా చెరువుకి బస్తాలకి బస్తాలు...

వదిన: మళ్ళీ చెరువు! ఎక్కువైతే విరేచనాలవుతాయి. కిడ్నీ బాగోలేనివాడికి ప్రమాదం. అమెరికా వాళ్ళు మాత్రల రూపంలో రోజుకి 350 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. తోటకూర, గుమ్మడి గింజలు, పప్పులు తిను. బీ కాంప్లెక్స్ వేసుకుంటే మూత్రం పసుప్పచ్చగా రావడం తప్ప లోటు లేనివాడికి పెద్ద తేడా కనపడదు. బీ6 పెద్ద మోతాదులో నెలలకొద్దీ వేసుకుంటే కాళ్ళు తిమ్మిర్లు. టీలో థియానిన్ అని ఒకటుంది, దాన్నీ డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. అయిపోయింది మన విషయం.

మరిది: ఇంతేనా? గంట చెప్తారనుకున్నా.

వదిన: చెప్పుకోవడానికి అంతే ఉంది. నువ్వెందుకు కొన్నావు, అది చెప్పు.

మరిది: కొనలేదన్నాగా... నిద్ర లేదు వదినా. చెరువులో నాచు పగలు ఆక్సిజన్ వదులుద్ది, రాత్రి అదీ పీల్చేస్తది. తెల్లారగట్ల మూడింటి నుంచి ఐదింటి దాకా డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతది. లీటరుకి మూడు మిల్లీగ్రాములు దాటి కిందకి దిగిందంటే రొయ్యలు పైకి తేలతాయి. అప్పుడు కరెంటు పోయి, జనరేటరు అందుకోకపోతే పంటంతా తెల్లారేసరికి గట్టున పోసుకోవాలి. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ శబ్దం ఆగితే చాలు, ఎంత నిద్రలో ఉన్నా లేచిపోతా. ఇంట్లో ఫ్యాను ఆగినా లేచిపోతున్నా.

వదిన: ఆ టైముకే ఒంట్లో కార్టిసాల్ కూడా పెరగడం మొదలవుద్ది. అది అందరికీ ఉండేదే. నువ్వు దానిమీద రోజూ పరుగెడుతున్నావు.

మరిది: అందుకే కదా ఆ మాత్ర.

వదిన: మాత్ర వేసుకుంటే జనరేటరు అందుకుంటుందా?

మరిది: మీరు షాపులో కూర్చుని చెప్తారు. ఏసీలో.

వదిన: ఏసీ పోయి రెండు వేసవులైంది, నువ్వే బాగుచేయిస్తానన్నావు. సరే, కోప్పడకు. కాపలాకి మనిషిని పెట్టుకోవచ్చు కదా, ఇద్దరూ వంతులేసుకుంటారు. కరెంటు పోతే ఫోను మోగే అలారాలు వచ్చాయంటగా.

మరిది: పెట్టుకుంటే జీతం ఎవరిస్తారు? మేత ధర అలా, రొయ్య ధర ఇలా. అమెరికా వాడు 2025లో సుంకాలు యాభై శాతం చేసినప్పుడు కొనేవాళ్ళు ఫోనే ఎత్తలేదు. దానికే మాత్ర వెయ్యమంటారండీ?

వదిన: అదే నేననేది. దానికి మాత్ర లేదు. మరి వారంవారం అంత సొమ్ము డబ్బాలకెందుకు?

మరిది: నిద్ర పడతదేమోనని ఆశ. తప్పా?

వదిన: తప్పనలేదు. వేసుకుంటావా, రెండు నెలలకి ఆపు. కళ్ళు పచ్చబడినా, ఆకలి చచ్చినా వెంటనే ఆపి డాక్టరు దగ్గరికెళ్ళు. మీ అన్నయ్యకి చెప్పి వేసుకో. ముందొకసారి థైరాయిడ్, లివర్ టెస్టులు చేయించు.

మరిది: చెరువుకి ల్యాబు, నాకూ ల్యాబు.

వదిన: ఈ పంట అయ్యాక లీజు వదులుతావా?

మరిది: కౌంటు ముప్పై, అంటే కిలోకి ముప్పై రొయ్యలు తూగేంత సైజు, వస్తే మాట్లాడదాం.

వదిన: పోయినసారీ అదే అన్నావు.

మరిది: పోయినసారి రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చింది కదండీ.

వదిన: వచ్చింది కాబట్టే అడుగుతున్నా...

మరిది: మైకు కట్టెయ్యనా?

వదిన: కట్టెయ్. డబ్బా ఇలా ఇచ్చి కట్టెయ్.