న్యూయార్క్‌లో పెద్దవాళ్ళ బ్యాలే క్లాసులు: ఏ టీచర్ దగ్గర చేరాలి?

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఈ వీడియోలో రివ్యూ బ్యాలే టీచర్ల మీద. పేర్లు మాత్రం అడక్కండి, ఎవరి పొట్టా కొట్టడం నాకిష్టం లేదు. క్లాసు ఎలా నడుపుతారో చెప్తా, వెళ్తే మీరే గుర్తుపట్టేస్తారు.

ఇక్కడ ఓపెన్ క్లాసులని ఉంటాయి. కోర్సులో చేరక్కర్లేదు, ఆ పూటకి డబ్బు కట్టేసి లోపలికెళ్ళి బార్, అంటే ఆనుకోడానికి ఉండే అడ్డకర్ర, పట్టుకోవడమే. న్యూజెర్సీలో మా ఎడిసన్ వైపు నుంచైతే ట్రైన్‌లో పెన్ స్టేషన్, అక్కణ్ణుంచి సబ్‌వేలో 72వ వీధి. ఫెయిర్‌వే సూపర్ మార్కెట్ పైన స్టెప్స్ ఆన్ బ్రాడ్‌వే, 1979 నుంచీ ఉన్న స్టూడియో. కింద వంకాయలు, పైన పియానో!

క్లాసు వరస ఎక్కడికెళ్ళినా దాదాపు ఒకటే. బార్ దగ్గర ప్లియే (మోకాళ్ళు వంచి దిగి లేవడం), తాండ్యూ (కాలు చాపడం), తర్వాత సెంటర్, అంటే బార్ వదిలి గది మధ్యలో చేసేవి, ఆఖర్న గెంతులు. తేడా అంతా చెప్పేవాళ్ళలోనే.

మొదటి ఆవిడది రష్యన్ పద్ధతి, అంటే వాగనోవా. మహా నిదానం. కెమెరా కిందకి దించుతున్నా, నా పాదం చూడండి. తాండ్యూ అంటే కాలు చాపడం ఒక్కటే కాదు. నేలని రాసుకుంటూ వెళ్ళాలి... ముందు మడమ లేచింది, తర్వాత అరికాలు, ఇప్పుడు వేళ్ళ కొసలు మాత్రమే ఆనాయి. వెనక్కొచ్చేటప్పుడూ ఇదే దారి. ఇప్పుడు మోకాలు చూడండి. పాదం పక్కకి తిరిగింది, మోకాలేమో ముందుకే ఉంది. ఇలా చేస్తే మోకాలి మీద మెలి పడుతుంది. తిరగాల్సింది తుంటి దగ్గర. ఆవిడ గదంతా తిరుగుతూ ఒక్కొక్కరి దగ్గర ఆగి, పాదం పక్కకి తిప్పడం "తగ్గించు, ఇంకా తగ్గించు" అంటారు. పెద్ద వయసులో మొదలుపెట్టేవాళ్ళకి ఈ ఒక్క మాట చెప్పే టీచర్ దొరికితే చాలు.

కూచిపూడి నేర్చుకున్నవాళ్ళకో మాట. అరమండి వచ్చు కదా, ప్లియే ఎంతసేపు అనుకుంటాం. అరమండిలో కూర్చుంటే అలా ఉండిపోతాం, ప్లియేలో ఆగకూడదు, దిగడం అవ్వగానే లేవడం మొదలైపోవాలి. పైగా మనకి నేల అదిరేలా తట్టడం అలవాటు. ఇక్కడ గెంతి దిగితే చప్పుడే రాకూడదు!

రెండో ఆయనది బాలంషీన్ బాణీ. 1934లో ఇక్కడే, న్యూయార్క్‌లో, స్కూల్ ఆఫ్ అమెరికన్ బ్యాలే మొదలుపెట్టిన వాళ్ళలో ఒకరు కొరియోగ్రాఫర్ బాలంషీన్, కాబట్టి ఇది ఈ ఊరి సొంత బాణీ. వేగమంటే వేగం. పిరవెట్‌కి, అంటే ఒంటికాలి మీద గిర్రున తిరగడానికి, ముందు వెనక కాలు కర్రలా నిటారుగా పెట్టమంటారు. అదే మొదటి ఆవిడ దగ్గర పెడితే చీవాట్లే. ఎదురుగా మనిషి కూర్చుని పియానో వాయిస్తుంటే ఆ లెక్కలో కాలు పడటం... అబ్బ, ఆ సరదానే వేరు. కానీ కొత్తవాళ్ళు వెళ్తే, మీరు కుడికి తిరిగేసరికి అందరూ ఎడమకి వెళ్ళిపోయుంటారు.

మూడోది వేరే స్టూడియో. గది కిటకిట. ఏం చేసినా "బ్యూటిఫుల్" అంటారు. తప్పు చేసినా బ్యూటిఫులే. చెమట పట్టడానికైతే జుంబా చాలు కదండీ, దీనికి ట్రైన్ టికెట్ కూడా ఎందుకు?

రోజుకో టీచర్ దగ్గరికి తిరుగుదామంటే ఒక చిక్కుంది. అరబెస్క్‌లు, అంటే ఒంటికాలి మీద నిలబడి రెండోది వెనక్కి చాపే భంగిమలు, వాగనోవాలో నాలుగు, ఇటలీ వాళ్ళ చెకెట్టీ పద్ధతిలో ఐదు, లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ వాళ్ళకి మూడు. గది మూలలకీ గోడలకీ వేసే నంబర్లు కూడా కలవవు. "సెకండ్ అరబెస్క్" అనగానే ఏ చెయ్యి ఎత్తాలో తెలీక నిలబడిపోతాం. అందుకే మొదటి కొన్ని నెలలూ ఒక్కరి దగ్గరే ఉండండి, నా ఓటు మొదటి ఆవిడకే. కాళ్ళకి ఆ వరస పట్టాక రెండో ఆయన దగ్గరికి వెళ్ళండి.

చేరేటప్పుడు "బిగినర్" అని చూసి వెళ్ళిపోకండి. ఆ క్లాసుల్లో చిన్నప్పుడు ఏళ్ళ తరబడి నేర్చుకుని మళ్ళీ వచ్చినవాళ్ళు బోలెడుమంది ఉంటారు. "అబ్సల్యూట్ బిగినర్" అని ఉందో లేదో చూసుకోండి. కాస్త ముందుగా వెళ్ళి బార్‌కి మధ్యలో చోటు పట్టండి. చివర నిలబడితే, రెండో వైపు తిరిగినప్పుడు చూసి చేద్దామన్నా ముందు ఎవరూ ఉండరు.